నీళ్ళలో ఊపిరి

నాగలాపురం వేదనారాయణస్వామి గుడి చూసి వచ్చిన దగ్గరనుంచీ మా పక్కింటి ఆరో తరగతి కుర్రవాడికి ఒక సందేహం పట్టుకుంది. ఆ గుడి చూడనివారి కోసం రెండు ముక్కలు చెప్పాలి. తిరుపతికి సుమారు డెబ్బయి కిలోమీటర్ల దూరంలో, శ్రీకృష్ణదేవరాయలు తల్లి నాగలాదేవి పేరు మీద వెలిసిన ఊరది. అక్కడి మూలవిరాట్టు మత్స్యావతారం. నడుము పైన విష్ణుమూర్తి, నడుము కింద చేప. సోమకాసురుడు వేదాలు దొంగిలించి సముద్రంలో దాక్కుంటే స్వామి చేపరూపం ధరించి వెళ్ళి వాటిని తెచ్చాడని కథ. ఏటా మార్చిలో మూడు రోజులపాటు సాయంకాలపు ఎండ గర్భగుడి దాకా వెళ్ళి స్వామిని తాకుతుంది. జనం ఆ వేడుక చూడటానికి వెళతారు.

అందరూ ఎండ చూస్తుంటే మావాడు తోక చూశాడు. "స్వామికి పైన మనిషి, కింద చేప గదా మామయ్యా! సముద్రంలో ఉన్నంతసేపూ ముక్కుతో పీల్చాడా, మొప్పలతో పీల్చాడా?" అన్నాడు. వాళ్ళమ్మ "కళ్ళు పోతాయిరా!" అని అక్కడికక్కడే లెంపలు వేయించింది.

ప్రశ్నలో స్వామి భాగం పండితులకు వదిలేస్తాను. చేప భాగం మాత్రం నేను తీసుకుంటాను. ఎందుకంటే చేప ఊపిరి సంగతి మనం తెలుసుకోక, పుణ్యం అనుకుని చేస్తున్న పని ఒకటి ఉంది. అది మెల్లగా చెప్తాను.

ముందు ఒక అపోహ తొలగాలి. నీరు హైడ్రోజనూ, ప్రాణవాయువూ కలిసి ఏర్పడిందని పిల్లలు బడిలో చదువుకుంటారు. అందుచేత చేప నీటిని విడగొట్టి అందులోని ప్రాణవాయువు తీసుకుంటుందని పెద్దవాళ్ళలో కూడా చాలామంది అనుకుంటారు. అది కాదు. ఒకసారి కలిసిపోయి నీరైన ప్రాణవాయువు ఏ చేపకూ అందదు. మనం రోజూ తినే ఉప్పులో క్లోరిను ఉంది. విడిగా ఉంటే అది విషవాయువు. ఉప్పులో కలిసి ఉంది గనక మనల్ని ఏమీ చెయ్యటం లేదు. ఇదీ అల్లాంటిదే. నీటిని విడగొట్టే శక్తి చేప ఒంటికి ఎక్కడిది?

మరి చేపకు అందేదేమిటంటే, నీళ్ళలో కరిగి ఉన్న గాలి. పాలలో పంచదార కరిగినట్లు గాలి కూడా నీళ్ళలో కరుగుతుంది. నమ్మకం లేకపోతే వంటింట్లోకి వెళ్ళండి. పొయ్యిమీద గిన్నెలో నీళ్ళు పెట్టి చూస్తూ ఉండండి. మరగటానికి చాలాముందే గిన్నె గోడలకు ఆవగింజల్లాంటి చిన్న చిన్న బుడగలు అంటుకుంటాయి. అవి ఆవిరి కాదు. కరిగి ఉన్న గాలి వేడికి నిలవలేక బయటికి వస్తున్నదన్నమాట. గాజు గ్లాసులో చన్నీళ్ళు పోసి ఎండలో పెట్టినా ఇదే కనిపిస్తుంది. మరిగించి, మూతపెట్టి చల్లార్చిన నీళ్ళలో చేపను వదిలితే ఉక్కిరిబిక్కిరి అయిపోతుంది. నీరు నీరే, అందులో గాలి లేదు, అంతే.

ఆ కరిగిన గాలి ఎంత ఉంటుందో చూస్తే చేప మీద జాలి వేస్తుంది. మన చుట్టూ ఉన్న గాలిలో ఐదోవంతు ప్రాణవాయువు, అంటే లీటరు గాలిలో 210 మిల్లీలీటర్లు. లీటరు నీటిలోనో? నీరు 20 డిగ్రీల చల్లదనంలో ఉంటే మహా అయితే 9 మిల్లీగ్రాములు కరుగుతుంది. మన తిరుపతి వేసవిలో నీరు 30 డిగ్రీలకు వెచ్చబడితే 7.5 మిల్లీగ్రాములు. బరువులో రెండు మూడు ఆవగింజలు! గాలిలో ఉన్నదానితో పోలిస్తే ముప్ఫయ్యోవంతు కూడా లేదు. పైగా నీరు గాలికంటే సుమారు 800 రెట్లు బరువు. అంత బరువైన నీటిని గుక్కగుక్కకూ లోపలికి లాగి, బయటికి తోస్తే గాని ఆ ఆవగింజంత ప్రాణవాయువు దక్కదు. మనం ఊపిరి తీస్తున్నామనే ధ్యాసే లేకుండా కబుర్లు చెప్పుకుంటాం. చేపకు ఊపిరి తియ్యటం ఒక కూలిపని.

ఆ కూలిపనికి పనిముట్టు మొప్ప. చేపలు కొనే ఇళ్ళవారికి మొప్పల సంగతి చెప్పనక్కరలేదు. చెంప దగ్గరి రేకు ఎత్తి, లోపల ఎర్రగా ఉందా నల్లబడిందా అని చూసిగాని బేరమాడరు. ఆ ఎరుపు రక్తానిది. చర్మం, పొలుసు ఏ అడ్డూ లేకుండా రక్తం నీటికి అంత దగ్గరగా వచ్చే చోటు చేప ఒంట్లో మరొకటి లేదు.

రేకు కింద ఒక్కొక్క పక్క నాలుగేసి ఎముక విల్లులు ఉంటాయి. ఒక్కొక్క విల్లుకు దువ్వెన పళ్ళలాగా రెండు వరసల ఎర్రటి పోగులు. కంటికి కనిపించేది ఇంతవరకే. సూక్ష్మదర్శినిలో చూస్తే ఒక్కొక్క పోగుకూ రెండు వైపులా పుస్తకం పేజీల్లాగా పలచని రేకులు నిలబడి ఉంటాయి. చురుకుగా ఈదే చేపల్లో మిల్లీమీటరు పొడవున ఇరవై, ముప్ఫై రేకులు పడతాయి. ఆ రేకు గోడ మందం మిల్లీమీటరులో కొద్ది వేల వంతులు. గోడకు ఇవతల నీరు, అవతల రక్తం. ప్రాణవాయువు లోపలికి జారుతుంది, బొగ్గుపులుసు గాలి బయటికి పోతుంది. ఇన్ని రేకులు ఎందుకంటారా? తువ్వాలు మడతపెడితే గుప్పిట్లో ఇమిడిపోతుంది, పరిస్తే మంచం నిండుతుంది. చేప తన మంచమంత తువ్వాలునూ మడిచి చెంపలో దాచుకుంది.

ఇక నీటిని నడిపించే తీరు. చేప నోరు తెరుస్తూ మూస్తూ ఉంటే అది నీళ్ళు తాగుతోందని పిల్లలు అనుకుంటారు. నోరు తెరిచినప్పుడు నీరు లోపలికి వస్తుంది. నోరు మూసి అంగిలి కింది భాగాన్ని పైకెత్తుతుంది. అదే సమయానికి చెంపరేకులు విచ్చుకుంటాయి. నీరు మొప్పల మధ్యనుంచి పారి చెంపల దగ్గర బయటికి పోతుంది. మన ఊపిరి వచ్చిన దారినే తిరిగి పోతుంది, చేప ఊపిరికి ఒక వాకిలి రావటానికి, ఇంకో వాకిలి పోవటానికి. సముద్రంలో ట్యూనా చేపలు ఈ తెరవటం మూయటం కూడా మానేశాయి. నోరు తెరుచుకుని వేగంగా ఈదుతూనే ఉంటాయి, నీరు దానంతటదే మొప్పల మీదుగా పారుతుంది. ఆగితే ఊపిరి ఆగుతుంది గనక పుట్టినది మొదలు ఆగకుండా ఈదాలి.

ఇక్కడ ఒక చమత్కారం ఉంది. దాన్ని లడ్లతో చెప్తాను, తిరుపతివాణ్ణి గదా!

రెండు వరసల మనుషులు పక్కపక్కనే నడుస్తున్నారనుకోండి. మొదటి వరసలోవాళ్ళ చేతిలో తలా పది లడ్లు. రెండో వరసవాళ్ళ చేతులు ఖాళీ. పక్కనున్నవాడి దగ్గర తనకంటే ఎక్కువ ఉంటే ఒకటి అడిగి పుచ్చుకోవాలి, అదీ నియమం. రెండు వరసలూ ఒకే దిక్కుకు నడిస్తే ఏమవుతుంది? ఇద్దరి చేతుల్లోనూ ఐదూ ఐదూ అయ్యేసరికి బేరం ఆగిపోతుంది. అల్లాకాక ఎదురెదురుగా నడిచారనుకోండి. ఖాళీ చేతులతో వచ్చినవాడికి మొదట ఎదురయ్యేది దాదాపు అన్నీ పంచేసుకున్నవాడు. వాడి దగ్గర ఒకటో రెండో ఉన్నా వీడికంటే ఎక్కువే గనక అదీ పుచ్చుకుంటాడు. ముందుకు పోయినకొద్దీ ఎదురయ్యేవాళ్ళ దగ్గర ఇంకా ఎక్కువ. చివర ఏడో ఎనిమిదో చేతికి వచ్చాక కూడా అప్పుడే బయలుదేరిన పది లడ్లవాడు ఎదురవుతాడు, వాడి దగ్గర మరొకటి! మొప్ప రేకుల్లో నీరు ఒక దిక్కుకు పారితే రక్తం సరిగ్గా దానికి ఎదురు పారుతుంది. అందువల్ల కొన్ని చేపలు నీటిలోని ప్రాణవాయువులో నూటికి 80 వంతులదాకా లాగేసుకోగలవు. మనం పీల్చిన గాలిలోని ప్రాణవాయువులో పావువంతు వాడుకుని, మిగిలింది తిరిగి వదిలేస్తున్నాం. కలిగినవాళ్ళ దుబారా!

1952లో హేజల్‌హాఫ్, ఎవెన్‌హూయిస్ అనే ఇద్దరు హాలండు శాస్త్రజ్ఞులు దీన్ని పరీక్ష చేశారు. ఒక మంచినీటి చేప మొప్పలమీద నీటిని తిరగేసి, చెంపవైపునుంచి నోటివైపుకు పారించారు. మొప్ప అదే, నీరు అదే. సగానికి సగం దొరికే ప్రాణవాయువు పదోవంతుకు పడిపోయింది.

ఇంత గొప్ప యంత్రం ఉండీ చేప ఒడ్డున పడితే ఎందుకు చస్తుంది? ఒడ్డున గాలికి కొరత లేదు గదా, నీళ్ళలోకంటే ముప్ఫై రెట్లు ఎక్కువ ఉంది గదా! తడిసిన పంచాంగాన్ని ఆరబెట్టి చూశారా? పేజీలన్నీ ఒకదానికొకటి అంటుకుపోతాయి. నీళ్ళలో తేలుతూ విడివిడిగా నిలబడే మొప్ప రేకులు గాలిలోకి రాగానే అల్లా ఒకదానిమీద ఒకటి పడి అతుక్కుంటాయి. మంచమంత తువ్వాలు మళ్ళీ గుప్పెడు ముద్ద అయింది. గాలి తగలటానికి చోటు లేక, గాలి నడుమనే ఊపిరాడక చచ్చిపోతుంది.

మొప్పలకు ఇంకో రెండు పనులు కూడా ఉన్నాయి, వాటిని క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. ఒంట్లో తయారయ్యే అమ్మోనియాను బయటికి పంపేది ఇవే. ఉప్పు లెక్క చూసేదీ ఇవే. తడ, సూళ్ళూరుపేట పక్కన పులికాట్ సరస్సులో వానాకాలం ఉప్పు తగ్గుతుంది, ఎండాకాలం పెరుగుతుంది. అక్కడి చేపల మొప్పలు ఉప్పు తక్కువైనప్పుడు నీటిలోనుంచి పట్టి దాచుకోవాలి, ఎక్కువైనప్పుడు బయటికి నెట్టాలి.

ఇప్పుడు కొర్రమీను దగ్గరికి వద్దాం. ఒడ్డున వేసినా, తడి ఆరకుండా ఉంటే గంటల తరబడి బతికే చేప ఇది. మొప్పల పైన తలలోనే దీనికి ఒక చిన్న అర ఉంటుంది. నీటిపైకి వచ్చి, నోటినిండా గాలి మింగి ఆ అరలో నింపుకుంటుంది. చిన్నప్పుడు మొప్పలతోనే గడుపుతుంది. కాస్త ఎదిగాక మొప్పలొక్కటే దానికి చాలవు. నీటి మట్టానికి కిందగా వల కట్టి పైకి రానివ్వకపోతే, నిండు నీళ్ళలో ఉన్న కొర్రమీను మునిగి చచ్చిపోతుంది. అవును, చేప మునిగి చావటమే! మీసాల చేపల్లో మార్పు చేపకు కూడా ఇల్లాంటి ఏర్పాటే ఉంది, దాని అరలో చెట్టు కొమ్మల్లాంటి చిన్న అవయవాలుంటాయి. చెరువులు ఎండి బురదయ్యే దేశాల్లో బతకాలంటే ఈ తెలివి ఉండాలి మరి. ఈ విషయాలన్నీ శ్రద్ధగా పరిశీలించి 1927లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో పెద్ద వ్యాసం రాసిన బి.కె. దాస్‌గారు హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రాచార్యులుగా పనిచేశారు.

హైదరాబాదు అంటే చేప మందు గుర్తుకు రాకమానదు. మృగశిర కార్తె ప్రవేశించే వేళ బత్తిని వంశంవారు ఉబ్బసం రోగుల చేత మింగించేది బతికున్న కొర్రమీను పిల్లనే. అంత జనంలో, గుక్కెడు నీళ్ళున్న ప్లాస్టిక్ సంచుల్లో అవి బతికి ఉండటానికి కారణం ఈ గాలి మింగే గుణం. ఆ మందు ఉబ్బసానికి పనిచేస్తుందని శాస్త్రపరీక్షలు రుజువు చెయ్యలేదు. వెళ్ళేవాళ్ళు డాక్టరిచ్చిన మందు మానకుండా వెళితే మంచిది. ఊపిరి చాలని మనిషి, నీళ్ళలో ఊపిరి చాలని చేపను మింగటం ఒక విచిత్రం అనుకోవాలి!

ఇంతవరకు చెప్పింది పాఠం. ఇక మనం చేస్తున్న పని సంగతి.

మా ఊళ్ళో కోనేళ్ళకు కొదవలేదు. వాటిలో ఒకదాని పేరు చెప్పను, నాలుగు వైపులా రాతిమెట్లు, నడుమ మంటపం, ఆకుపచ్చని నీళ్ళు. పొద్దున నడకకు పోయినప్పుడు అక్కడ కాసేపు కూర్చోవటం నాకు అలవాటు. రోజూ ఒక అవ్వ వచ్చేది. సంచిలో బొరుగుల పొట్లం. తెల్లవారుజామున కోనేటినిండా చేపలు నోళ్ళు పైకెత్తి, బుళుక్ బుళుక్ మంటూ తెరుస్తూ మూస్తూ ఉండేవి.

"చూడు నాయనా, తెల్లారేసరికి నా కోసరం నోర్లు తెరుచుకోని కాచుకోనుంటాయి. ముందు జన్మ రుణం!" అనేది అవ్వ. బొరుగులు చల్లేది, దణ్ణం పెట్టుకునేది. ఒక్క అవ్వే కాదు. పండగ రోజుల్లో వచ్చే వందలమందీ బొరుగులు, బన్నులు, అరటిపండ్లు, పూలు అందులోనే వేసి పోతారు.

కోనేటినీళ్ళ లెక్క చూడండి. ఆకుపచ్చని రంగు నాచుది. పగలు ఎండ ఉన్నంతసేపూ నాచు ప్రాణవాయువు తయారుచేసి నీటికి ఇస్తుంది. చీకటి పడిందంటే తయారీ ఆగిపోతుంది, అందరిలాగే నాచు కూడా పగలూ రాత్రీ తీసే ఊపిరి మాత్రం సాగుతూనే ఉంటుంది. చేపలూ తీసుకుంటాయి. అడుగున కుళ్ళే చెత్తలోని సూక్ష్మజీవులు అందరికంటే ఎక్కువ తీసుకుంటాయి. రాత్రంతా ఖర్చే, రాబడి లేదు. గాలి వీస్తే నీటి పైపొరకు కొంచెం అందుతుంది, చుట్టూ మెట్లు, గోడలు ఉన్నచోట అదీ తక్కువే. కాబట్టి సూర్యుడు ఉదయించే ముందు ఘడియ చేపకు అన్నిటికంటే గడ్డుకాలం. అప్పుడు నీటి పైపొరలో, గాలికి తగిలిన ఆ వెంట్రుకవాసి పొరలో మాత్రం కాస్త ప్రాణవాయువు దొరుకుతుంది. అందుకని పైకి వచ్చి, మూతి అక్కడ ఆనించి ఆ నీటిని లాక్కుంటాయి. భీమవరం, కైకలూరు ప్రాంతాల చేపల రైతులకు ఈ దృశ్యం చూస్తే గుండె గుభేలుమంటుంది. వెంటనే నీటిని చిలికే యంత్రాలు ఆడిస్తారు.

వేసవిలో రెండు వైపులా దెబ్బ. నీరు వేడెక్కినకొద్దీ అందులో కరిగే గాలి తగ్గుతుంది, చేప ఒంటి అవసరం పెరుగుతుంది. చేప వంటి జంతువులకు ఒంటి వేడి నీటి వేడితోపాటే మారుతుంది. పది డిగ్రీలు పెరిగితే ఒంట్లో ఖర్చు ఇంచుమించు రెట్టింపవుతుంది. ఈ లెక్క జంతువు పరిమాణాన్నిబట్టి, అది అలవాటుపడ్డ వేడినిబట్టి ఎల్లా మారుతుందో 1954లో అమెరికా పండితుడు బుల్లక్‌తో కలిసి రాసిన కె. పంపాపతిరావుగారు తర్వాత మన శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రాచార్యులయ్యారు.

ఇక బొరుగుల లెక్క. బొరుగులంటే దాదాపు అంతా పిండిపదార్థం. ఒక గ్రాము పిండి పూర్తిగా కుళ్ళిపోవాలంటే ఇంచుమించు ఒక గ్రాము పైచిలుకు ప్రాణవాయువు ఖర్చవుతుంది. వంద గ్రాముల పొట్లానికి సుమారు వంద గ్రాములనుకోండి. లీటరు నీటిలో ఉన్నదే 7.5 మిల్లీగ్రాములు. భాగించి చూడండి, 13 వేల లీటర్ల నీటిలో ఉన్న ప్రాణవాయువు మొత్తం ఒక్క పొట్లానికి సరి! ఐదువేల లీటర్ల ట్యాంకర్లు రెండున్నర. చేప తింటే కుళ్ళదు గదా అనవచ్చు. తిన్నదాన్ని ఒంట్లో అరిగించి వాడుకోవటానికీ ప్రాణవాయువు కావాలి. కోనేటికి పగలల్లా కొత్త గాలి అందుతూనే ఉంటుంది గనక ఒక్క పొట్లంతో ఏమీ మునిగిపోదు. వంద పొట్లాలు పడిన పండగనాటి రాత్రి, మబ్బుపట్టి నాచు సరిగా పనిచెయ్యని రోజు తర్వాతి రాత్రి, అప్పుడు వస్తుంది చిక్కు.

ఒక మే నెలలో అల్లాగే వచ్చింది. తెల్లవారేసరికి కోనేటినిండా చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. మెట్లమీద జనం మూగారు. ఎవరో విషం కలిపారని కొందరు, ఏదో దోషం జరిగిందని కొందరు. నేను రెండు విషయాలు చూశాను. చచ్చిపోయినవాటిలో బొచ్చె, శీలావతి చేపలే ఎక్కువ, అందులోనూ పెద్దవి. నీటిలో ప్రాణవాయువు తరిగినప్పుడు తరచు పెద్ద చేపలే ముందు పోతాయి. రెండోది, మూల మెట్ల దగ్గర రెండు కొర్రమీలు నింపాదిగా పైకి వచ్చి గాలి మింగి పోతున్నాయి. విషమైతే వాటినీ వదలదు. నీళ్ళలో గాలి అయిపోతే వాటికేం, వాటి గాలి పైనుంచి వస్తుంది.

అవ్వ మెట్టుమీద కూలబడి ఉంది. పొట్లం విప్పలేదు.

"నిన్న కూడా నోర్లు తెరుచుకోని ఉన్నాయే నాయనా! నేను బొరుగులు వేసినా గదా. ఆకలికి చచ్చినాయా?" అంది.

"ఆకలి కాదవ్వా. ఊపిరాడక."

"ఊపిరాడకనా? నీళ్ళలోనే ఉండాయి గదా!"

నేను మరిగే నీళ్ళ బుడగలనుంచి మొదలుపెట్టి చెప్పాను. లడ్ల కథ చెప్పలేదు, అది అప్పుడు చెప్పే కథ కాదు. అవ్వ అంతా విని, కాసేపు నీళ్ళవైపు చూసి, "అందుకేనా? తెల్లారి వేస్తే ముట్టుకోవు, బొరుగులు అట్లే తేల్తా ఉంటాయి. సాయంత్రం వేస్తే పడీపడకముందే మింగేస్తాయి. నేను పొద్దున్నే పుణ్యమని పొద్దున్నే వేస్తా వచ్చినా" అంది.

ఏ పుస్తకమూ చదవకుండా అవ్వ పట్టుకున్న ఆనవాలు ఇది. ఊపిరికి కరువైన చేప మేత ముట్టదు. ఆకలిగొన్న చేపలు మేత పడినచోట మూగి, అయిపోగానే లోపలికి పోతాయి. ఊపిరికి వచ్చిన చేపలు మేత లేకపోయినా కోనేటినిండా పరుచుకుని, మూతులు పైకి పెట్టి అక్కడే ఉంటాయి. చప్పట్లు కొట్టినా తొందరగా చెదరవు. కోనేటిగట్టున నిలబడి ఈ రెండిటికీ తేడా పసిపిల్లలు కూడా చెప్పగలరు.

తర్వాత ఏం చెయ్యాలన్న మాట వచ్చింది. కపిలతీర్థంలో కార్తీకమాసపు వానలకు కొండమీదినుంచి నీరు దూకటం చూసినవాళ్ళకు దీని జవాబు తెలుసు. దూకే నీరు నురగలై, గాలిని చుట్టుకుని మడుగులో పడుతుంది. తలకోన జలపాతం 270 అడుగుల ఎత్తునుంచి చేసేదీ అదే. కోనేటికి జలపాతం తేలేం గాని, కొత్తనీరు ఎత్తునుంచి పడేటట్లు గొట్టం పెట్టవచ్చు, నడుమ ఫౌంటెను ఆడించవచ్చు. ఫౌంటెను రాత్రి ఆడాలి. సాయంత్రం జనం చూడటానికి ఆడించి, పది గంటలకు కట్టేస్తే చేపకు ఒరిగేదేమీ లేదు. అడుగున పేరుకున్న కుళ్ళు తీసెయ్యాలి. తిరుమల స్వామిపుష్కరిణిని ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు నీరంతా తీసి, నెలరోజులపాటు శుభ్రంచేసి కొత్తనీటితో నింపుతారు. అన్ని కోనేళ్ళకూ ఆ భాగ్యం ఉండదు.

ఇళ్ళలో గాజుకుండీల్లో చేపలు పెంచుకునేవారికి కూడా ఒక మాట. గుండ్రటి కుండీ మూతిదాకా నింపితే నిండుగా ఉంటుందని నింపుతారు. మూతి దగ్గర కుండీ ఇరుకు, గాలి తగిలే నీటి పైభాగం అరచేయంతే. కడుపు వెడల్పుగా ఉన్నచోటిదాకా పోసి ఆపితే నీళ్ళు తగ్గినా చేపకు ఊపిరి ఎక్కువ. బుడగలు తీసే చిన్న పంపు పెట్టినా, ఆ బుడగలు చేసే మేలులో చాలావరకు పైనీటిని కదిలించటమే.

మా కోనేటిలో ఇప్పుడు ఒక మూల రాత్రింబగళ్ళు గొట్టంనుంచి నీరు పడుతోంది. ఎవరు పెట్టించారో వారికి దణ్ణం. పూలు, బన్నులు ఇంకా పడుతూనే ఉన్నాయి. అవ్వ మాత్రం వేళ మార్చుకుంది. ఎండ బాగా ఉన్న రోజున మూడు గంటలకు వస్తుంది. గుప్పెడు తీసి, చేపలు ఎగబడి తింటున్నాయో లేదో చూసి, ఇంకో గుప్పెడు వేస్తుంది. మబ్బుగా ఉంటే అసలు రాదు.

"మరి మిగతా పొట్లం ఏం చేస్తున్నావవ్వా?" అని మొన్న అడిగాను.

"ఏం జేసేది? మా మనవడు ఉగ్గాని చేయించుకోని తింటా ఉండాడు" అంది.